1.6 సెంటీమీటర్ల ఆఫ్‌సైడ్

ఫుట్‌బాల్ చూసే ప్రతి హాస్టల్ గదిలోనూ ఈ గొడవ ఉంటుంది. గోల్ పడుతుంది, అందరూ ఎగిరి గంతేస్తారు, అంతలో కామెంటేటర్ గొంతు తగ్గిపోతుంది, తెర మీద రెండు రంగుల గీతలు వస్తాయి. ఆ రెండింటి మధ్య ఖాళీ కనిపించాలంటే ఫోన్‌ని ముక్కు దగ్గర పెట్టుకోవాలి. గోల్ రద్దు. “టెక్నాలజీయే చెప్పింది కదా, ఇంకేంటి?” అని సగం మంది. “చంక ఆఫ్‌సైడ్ ఏంట్రా బాబూ!” అని మిగతా సగం.

నేను రెండో సగంలో ఉంటాను. మావాళ్ళ దగ్గర కోపం బోలెడంత ఉంది కానీ లెక్క లేదు. ఆ లెక్క రాద్దామనే ఈ వ్యాసం. దీనికి పెద్ద సబ్జెక్టులేమీ అక్కర్లేదు, ఇంటర్‌లో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకున్నవాళ్ళెవరికైనా అర్థమవుతుంది.

ముందు రూల్ చూద్దాం, ఎందుకంటే గొడవ పడేవాళ్ళలో చాలామందికి రూల్ సగమే తెలుసు. దాడి చేసే ఆటగాడి తల, ఒళ్ళు, కాళ్ళు, వీటిలో ఏ భాగమైనా ఎదుటి జట్టు సగంలో ఉండాలి. ఆ భాగం బంతి కంటే, అలాగే ఎదుటి జట్టులో చివరి నుంచి రెండో ఆటగాడి కంటే గోల్ లైన్‌కి దగ్గరగా ఉండాలి. అప్పుడు అతను ఆఫ్‌సైడ్ పొజిషన్‌లో ఉన్నట్టు. చేతులు లెక్కలోకి రావు. సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదు. గోల్‌కిక్, త్రో-ఇన్, కార్నర్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఆ పొజిషన్‌లో నిలబడటం తప్పు కాదు. అక్కడి నుంచి బంతిని ఆడితేనో, ఎదుటివాడికి అడ్డం పడితేనో, అక్కడ ఉన్నందుకు లాభం పొందితేనో తప్పు.

‘చివరి నుంచి రెండో’ అన్న మాట దగ్గరే చాలామంది తడబడతారు. మామూలుగా చివరివాడు గోల్‌కీపర్ కాబట్టి మనం సులువుగా ‘ఆఖరి డిఫెండర్’ అనేస్తాం. కీపర్ ముందుకి వచ్చేస్తే ఆ సులువు పనిచేయదు. 2022 వరల్డ్‌కప్ మొదటి మ్యాచ్ గుర్తుందా? ఖతార్ మీద ఈక్వడార్ ఆటగాడు ఎన్నర్ వాలెన్సియా మూడో నిమిషంలోనే తలతో గోల్ కొట్టాడు. రద్దయింది. ప్రపంచమంతా “ఇదేం మోసం” అంది. నిజానికి ఖతార్ కీపర్ బంతి కోసం గోల్ వదిలి ముందుకొచ్చేశాడు. వెనక మిగిలింది ఒక్క డిఫెండరే. ఈక్వడార్ ఆటగాడు మైకేల్ ఎస్ట్రాడా కాలు కీపర్ని దాటి ఉంది. రూల్ ప్రకారం ఆ నిర్ణయం నూటికి నూరుపాళ్ళు సరైనదే.

అసలీ రూల్ ఎందుకు పుట్టింది? చెరువు గట్టున కొంగలాగా ఒకడు గోల్ పక్కనే నిలబడి బంతి కోసం కాచుకోకుండా ఉండటానికి. 1863లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ మొదటి రూల్స్ రాసినప్పుడు బంతికి ముందు ఉన్న ప్రతివాడూ ఆట బయటే, అంటే ఇంచుమించు రగ్బీ. 1866లో ముగ్గురు ప్రత్యర్థులు ముందుంటే చాలన్నారు. ఆ ముగ్గురి రూల్‌ని డిఫెండర్లు ఉచ్చుగా మార్చేశారు. సరైన క్షణంలో రెండడుగులు ముందుకేస్తే ఎదుటివాడు ఆఫ్‌సైడ్‌లో పడిపోతాడు. న్యూకాజిల్ డిఫెండర్ బిల్ మెక్‌క్రాకెన్ ఈ విద్యలో పండిపోయాడు. ఆట చూడ్డానికే విసుగొచ్చి 1925లో ముగ్గురిని ఇద్దరు చేశారు. ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో 1924-25 సీజన్‌లో 1192 గోల్స్ పడితే, మరుసటి సీజన్‌లో అన్నే మ్యాచ్‌ల్లో 1703 పడ్డాయి. ఒక్క అంకె మార్చితే ఆట ఇంత మారింది. 1990లో సమానంగా ఉన్నా ఆన్‌సైడే అని ఇంకొంచెం సడలించారు.

ఈ మార్పులన్నిటిలో ఒకటి గమనించండి. ప్రతిసారీ దాడి చేసేవాడికి ఇంకాస్త చోటిద్దామనే ఆలోచనే. ఇంకొకటి, ఇవన్నీ రాసింది టచ్‌లైన్ మీద జెండా పట్టుకుని పరిగెత్తే మనిషి కంటి కోసం. 1.6 సెంటీమీటర్ల తేడా చూసే కన్ను ఆ రోజుల్లో ఎవరికీ లేదు.

ఇక లెక్క.

వీఏఆర్, అంటే వీడియో అసిస్టెంట్ రిఫరీ, 2018లో ఆట చట్టాల్లోకి అధికారికంగా వచ్చింది. ఆ ఏడాదే రష్యా వరల్డ్‌కప్‌లో వాడారు. ప్రీమియర్ లీగ్‌లోకి 2019-20 సీజన్‌లో వచ్చింది. అప్పట్లో నాలుగు విషయాలకే దాని పని: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరి బదులు ఇంకొకరికి కార్డు చూపించడం. ‘స్పష్టంగా కనిపించే పొరపాటు’ అయితేనే కలగజేసుకోవాలనేది దాని మూలసూత్రం. కానీ ఆఫ్‌సైడ్ పొజిషన్‌కి ఈ సూత్రం వర్తించదు. అది అభిప్రాయం కాదు, వాస్తవం అన్నారు. ముందుంటే ముందున్నట్టే, వెనకుంటే వెనకున్నట్టే. వినడానికి బాగానే ఉంది. నా గొడవంతా ఈ వాక్యంతోనే.

రూల్‌లో రెండు కొలతలున్నాయి. ఒకటి దూరం, ఇంకొకటి సమయం. సాటి ఆటగాడు బంతిని తాకిన మొదటి క్షణంలో నువ్వెక్కడున్నావు అన్నదే ప్రశ్న. దూరం గురించి అందరూ మాట్లాడతారు, గీతలు గీస్తారు. సమయం గురించి ఎవరూ పట్టించుకోరు.

అప్పట్లో వాడిన కెమెరాలు సెకనుకి 50 ఫ్రేములు తీసేవి. అంటే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 20 మిల్లీసెకన్లు. పాస్ ఇచ్చేవాడి బూటు బంతిని తాకిన క్షణం సరిగ్గా ఒక ఫ్రేములోనే పడాలని రూలేం లేదు, మధ్యలో ఎక్కడైనా పడొచ్చు. అప్పుడు ఆపరేటర్ ఏదో ఒక ఫ్రేము ఎంచుకోవాలి. ఇప్పుడు స్ట్రైకర్ సెకనుకి 8 మీటర్ల వేగంతో గోల్ వైపు పరిగెడుతున్నాడనుకుందాం. ప్రొఫెషనల్ ఆటగాడికి అదేం గొప్ప వేగం కాదు. డిఫెండర్ ఉచ్చు బిగించడానికి ఎదురుగా సెకనుకి 3 మీటర్ల వేగంతో ముందుకొస్తున్నాడు. ఒకరికొకరు ఎదురుగా కదులుతున్నారు కాబట్టి వేగాలు కలపాలి: 11. దాన్ని 0.02తో గుణిస్తే 0.22 మీటర్లు. ఒక్క ఫ్రేము అటో ఇటో అయితే ఇద్దరి మధ్య దూరం 22 సెంటీమీటర్లు మారిపోతుంది! మన స్కూల్ స్కేలు కంటే కొంచెమే తక్కువ.

ఒక మాట చెప్పాలి, లేకపోతే లెక్క పక్షపాతమైపోతుంది. ఇద్దరూ ఒకే దిక్కులో ఒకే వేగంతో పరిగెడుతుంటే ఈ తేడా దాదాపు సున్నా. నిలబడి ఉన్నవాళ్ళ విషయంలోనూ అంతే. కాబట్టి ప్రతి వీఏఆర్ గీతలోనూ 22 సెంటీమీటర్ల పొరపాటుందని అనడం తప్పు. పొరపాటు ఎంత అనేది ఆ క్షణంలో ఎవరెటు కదులుతున్నారన్నదాని మీద ఆధారపడుతుంది. కానీ ఆఫ్‌సైడ్ ట్రాప్ అంటేనే ఎదురెదురు కదలిక. అంటే కొలత ఎక్కడ ఎక్కువ తప్పుతుందో, అక్కడే దాని అవసరం ఎక్కువ.

ఇది మా గ్రౌండ్‌లో చేసి చూశాం. ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టి, సెకనుకి 60 ఫ్రేముల్లో ఒక పాస్ తీశాం. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఒక్కో ఫ్రేమూ కదుపుతూ, బూటు బంతిని తాకిన ఫ్రేము ఏదో ముగ్గురం విడివిడిగా కాగితం మీద రాశాం. ఇద్దరికి ఒక ఫ్రేము వచ్చింది, ఒకరికి దాని పక్కది. ముగ్గురం కళ్ళున్నవాళ్ళమే, చూసింది ఒకే వీడియో. కారణం తెరను పెద్దది చేస్తే తెలుస్తుంది. బూటు అంచూ బంతి అంచూ కదలిక వల్ల మసకబారి ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. పైగా కిక్‌లో బూటు బంతికి అంటుకుని ఉండే సమయమే సుమారు 10 మిల్లీసెకన్లు. అదే పాస్‌ని స్లో మోషన్‌లో 240 ఫ్రేములతో తీస్తే గొడవ తగ్గింది, పూర్తిగా పోలేదు. మీరూ చేసి చూడండి, పది నిమిషాల పని.

ఇప్పుడు టైటిల్ సంగతి. 2019 సెప్టెంబర్ 21, లెస్టర్‌లో మ్యాచ్. టోటెన్‌హామ్ 1-0తో ముందుంది. రెండో గోల్ సెర్జ్ ఓరియే కొట్టాడు. దానికి ముందు బంతి అందుకున్న సన్ హ్యూంగ్-మిన్ ఆఫ్‌సైడ్ అని గోల్ రద్దు చేశారు. అప్పట్లో పత్రికలన్నీ రాసిన తేడా 1.6 సెంటీమీటర్లు. 2-0 కావాల్సింది 1-0గా మిగిలింది, చివరికి లెస్టర్ 2-1తో గెలిచింది.

వెర్నియర్ కాలిపర్స్‌తో తీసిన కొలతని 0.01 సెంటీమీటర్ వరకే రాస్తాం. అది దాని లీస్ట్ కౌంట్. అంతకంటే చిన్న అంకె రికార్డులో రాస్తే ల్యాబ్ సార్ ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు, మార్కులు కూడా పోతాయి. ఎదురెదురుగా పరిగెత్తేవాళ్ళ మీద పదీ ఇరవై సెంటీమీటర్లు అటూ ఇటూ అయ్యే పరికరంతో 1.6 అని చెప్పడాన్ని ఏమనాలి? ఆ రోజు సన్ నిజంగా ఆఫ్‌సైడే కావొచ్చు, కాకపోనూ వచ్చు. ఆ పరికరం ఏ సంగతీ చెప్పలేదు. చెప్పలేనని ఒప్పుకునే బటన్ ఆ సిస్టమ్‌లో లేదు.

దూరం కొలతలోనూ చిక్కులున్నాయి. కాలు నేల మీద ఉంటుంది కాబట్టి గీత గీయడం తేలిక. భుజం గాల్లో ఉంటుంది. అక్కడి నుంచి నేల మీదకి నిట్టనిలువుగా గీత దించి, ఆ బిందువు నుంచి గోల్ లైన్‌కి సమాంతరంగా అడ్డగీత గీయాలి. ఏ బిందువు నుంచి దించాలో మౌస్‌తో ఎంచుకునేది మనిషే. భుజం ఎక్కడ ఆగి చెయ్యి ఎక్కడ మొదలవుతుంది? చట్టం ప్రకారం చంక అడుగు దగ్గర. చొక్కా చేతిలో దాక్కున్న చంక అడుగుని వీడియోలో వెతకాలి! 2020 నవంబర్ 7న క్రిస్టల్ ప్యాలెస్ మీద లీడ్స్ ఆటగాడు ప్యాట్రిక్ బామ్‌ఫర్డ్ కొట్టిన గోల్ ఇలాగే పోయింది. బంతి ఎక్కడ కావాలో సాటివాడికి చేత్తో చూపిస్తున్నాడు. చాచిన చేతిలో భుజం వైపు భాగం గీత దాటింది. చేత్తో గోల్ కొట్టకూడదు కదా, మరి చెయ్యి చాచితే ఆఫ్‌సైడ్ ఎలా అని ఎవరైనా అడుగుతారు. రూల్‌లో జవాబుంది, న్యాయం మాత్రం నాకు కనపడలేదు.

విమర్శ గట్టిగానే తగిలింది. 2021-22 నుంచి ప్రీమియర్ లీగ్ గీతల్ని లావు చేసింది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే ఆన్‌సైడ్. అంటే మా కొలతలో పొరపాటుంటుంది అని మొదటిసారి ఒప్పుకున్నట్టే. పేరు మాత్రం దాడి చేసేవాడికి ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’ అని పెట్టారు. ఏ పేరైతేనేం.

ఆ తర్వాత సెమీ ఆటోమేటెడ్ వచ్చింది. ఖతార్ వరల్డ్‌కప్‌లో స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు పెట్టి, ప్రతి ఆటగాడి ఒంటి మీద 29 బిందువుల్ని సెకనుకి 50 సార్లు పట్టుకున్నారు. బంతి మధ్యలో సెన్సర్ పెట్టారు, అది సెకనుకి 500 సార్లు డేటా పంపింది. ఇది నిజంగా మంచి ఇంజనీరింగ్. అసలు రోగం సమయం కొలతలో ఉందని గుర్తించి, సరిగ్గా అక్కడే మందు వేశారు. ఇప్పుడు కిక్ సమయంలో అనిశ్చితి 20 మిల్లీసెకన్ల నుంచి 2కి దిగింది. మన స్ట్రైకర్ లెక్క మళ్ళీ వేద్దాం: 8 మీటర్లని 0.002తో గుణిస్తే 0.016 మీటర్లు. 1.6 సెంటీమీటర్లు! యాదృచ్ఛికమే కానీ నాకు నవ్వొచ్చింది. సన్ కేసులో 2019 సిస్టమ్ చూశానన్న దూరాన్ని, పదింతలు వేగంగా కొలిచే సెన్సర్ వచ్చాక కూడా అంచు మీదే చూడగలం. పైగా అక్కడ ఒంటి బిందువులు సెకనుకి 50 సార్లే పడ్డాయి. రెండు ఫ్రేముల మధ్య ఒళ్ళు ఎక్కడుందో లెక్కకట్టి పూడ్చాల్సిందే.

2024 జూన్ 29న యూరో కప్‌లో జర్మనీ మీద డెన్మార్క్ ఆటగాడు యోఆకిమ్ ఆండర్సన్ గోల్ కొట్టాడు. అప్పటికి 0-0. థామస్ డెలానీ కాలి బొటనవేలు ఆఫ్‌సైడ్ అని రద్దు చేశారు. మ్యాచ్ అయ్యాక డెన్మార్క్ కోచ్ కాస్పర్ హ్యుల్మండ్ విలేకరుల ముందు ఫోన్‌లో ఆ బొమ్మ చూపించాడు. ఒక్క సెంటీమీటర్ అన్నాడు. గోల్ రద్దయిన కొద్ది నిమిషాలకే అదే ఆండర్సన్ చేతికి బంతి తగిలిందని బంతిలోని సెన్సరే పట్టించింది. పెనాల్టీ, గోల్. జర్మనీ 2-0తో గెలిచింది. తెర మీద వచ్చే ఆ త్రీడీ బొమ్మ చాలా నున్నగా, అందంగా ఉంటుంది కదా, నా భయం దాని మీదే. మసకగా ఉన్న ఫ్రేము మీద గీత గీస్తే చూసేవాడికి అనుమానం వస్తుంది. త్రీడీ బొమ్మలో మసక ఉండదు. పొరపాటు తగ్గింది నిజమే, కానీ మిగిలిన పొరపాటు కనపడకుండా పోయింది. మనం ప్రాజెక్టుల్లో చార్టులు గీసేటప్పుడూ ఇదే చేస్తాం, ఎర్రర్ బార్లు తీసేస్తే స్లైడ్ నీట్‌గా ఉంటుందని.

మెషీన్ అన్నిసార్లూ పనిచెయ్యదు కూడా. 2025 మార్చి 1న ఎఫ్‌ఏ కప్‌లో బోర్న్‌మత్, వుల్వ్స్ మ్యాచ్‌లో ఒక్క గోల్ పరిశీలనకి సుమారు 8 నిమిషాలు పట్టింది. కార్నర్ తర్వాత గోల్ ముందు అందరూ గుంపుగా ఉన్నారు, ఎవరి కాలు ఎవరిదో విడదీయడం సిస్టమ్ వల్ల కాలేదు, మళ్ళీ పాత గీతలే గీశారు. కంప్యూటర్ విజన్ చదివేవాళ్ళకి ఇది తెలిసిన తలనొప్పే, ఒకరి వెనక ఒకరు దాక్కుంటే కెమెరా ఏం చేస్తుంది? ఇంకా ఘోరం 2018 మే 5న ఆస్ట్రేలియాలో జరిగింది. అది ఏ-లీగ్ ఫైనల్. మెల్‌బోర్న్ విక్టరీ తొమ్మిదో నిమిషంలో గోల్ కొట్టింది. దానికి ముందు ఒకడు స్పష్టంగా ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడు. కానీ సరిగ్గా అప్పుడే సాఫ్ట్‌వేర్ ఫెయిలై వీఏఆర్ గదికి కావలసిన కెమెరా దృశ్యాలు రాలేదు. గోల్ ఉండిపోయింది. ఆ మ్యాచ్ స్కోరు 1-0. కప్ వెళ్ళిపోయింది.

ఇంతవరకూ కొలత సంగతి. కానీ నన్నడిగితే వీఏఆర్ చరిత్రలో చదవాల్సిన కేసు ఇంకొకటుంది, అందులో కొలత తప్పలేదు.

2023 సెప్టెంబర్ 30. టోటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్. మనకి రాత్రి పదింటికి మొదలైంది. 34వ నిమిషంలో సలా పాస్‌కి లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. లైన్ మీద ఉన్న అసిస్టెంట్ జెండా ఎత్తాడు, ఆఫ్‌సైడ్. వీఏఆర్ గదిలో ఫ్రేము ఆపారు, గీతలు గీశారు. డియాజ్ ఆన్‌సైడ్‌లోనే ఉన్నాడు, అదీ తేలిగ్గా కనిపించేంత తేడాతో. టెక్నాలజీ సరైన జవాబే ఇచ్చింది. అప్పుడు వీఏఆర్ రిఫరీ మైకులో ‘చెక్ కంప్లీట్’ అన్నాడు.

జరిగిందేంటంటే, మైదానంలో గోల్ ఇచ్చారనే అతను అనుకుంటున్నాడు. కాబట్టి అతని ‘చెక్ కంప్లీట్’కి ‘గోల్ సరైనదే’ అని అర్థం. మైదానంలో రిఫరీ దగ్గరున్న నిర్ణయం ఆఫ్‌సైడ్. కాబట్టి అతనికి ‘ఆఫ్‌సైడ్ సరైనదే’ అని వినిపించింది. ఒకటే మాట, రెండు పూర్తి వ్యతిరేక అర్థాలు. ఆట ఫ్రీకిక్‌తో మొదలైపోయింది. గదిలో ముందు పసిగట్టింది రీప్లే ఆపరేటర్. మైదానంలో ఇచ్చింది ఆఫ్‌సైడ్ కదా, మీకిది సమ్మతమేనా అని అడిగాడు. అప్పుడు అందరికీ వెలిగింది. ఆట ఆపించమని ఇంకొకరు చెప్పారు కూడా. కానీ ఆట తిరిగి మొదలయ్యాక వెనక్కి వెళ్ళకూడదన్నది ప్రోటోకాల్, కాబట్టి ఏమీ చేయలేమన్నారు. ఇదంతా ఊహ కాదు, రిఫరీల సంస్థ మూడు రోజుల తర్వాత ఆ ఆడియోని బయటపెట్టింది. వినండి, ఒళ్ళు జలదరిస్తుంది. లివర్‌పూల్ చివరికి తొమ్మిది మందితో ఆడి, 96వ నిమిషంలో సొంత గోల్ పడి 2-1తో ఓడిపోయింది.

నెట్‌వర్క్స్ క్లాసులో అక్నాలెడ్జ్‌మెంట్ గురించి చెప్తారు కదా. ‘అందింది’ అంటే సరిపోదు, ఏది అందిందో నంబర్ ఉండాలి. ‘చెక్ కంప్లీట్’ అనేది నంబర్ లేని అక్నాలెడ్జ్‌మెంట్. ‘మార్పు లేదు’ అనే మెసేజ్ పనిచేయాలంటే ఇద్దరి దగ్గరా ముందున్న విలువ ఒకటే అయి ఉండాలి. అది ఎవరూ సరిచూడలేదు. మన రైల్వేలో ఒక స్టేషన్ మాస్టర్ పక్క స్టేషన్‌కి లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు ఉత్త ‘సరే’తో సరిపెట్టరు, ప్రైవేట్ నంబర్ చెప్పి రెండు చోట్లా రాసుకుంటారు. కోట్లు పెట్టి కెమెరాలు కొన్న లీగ్‌లో మాట్లాడే పద్ధతి మాత్రం ‘ఓకేనా, ఓకే’ స్థాయిలో ఉంది. ఆ తర్వాత మార్చారు. మైదానానికి చెప్పేముందు వీఏఆర్, తన పక్కనున్న అసిస్టెంట్‌తో ఫలితాన్ని ధృవీకరించుకోవాలి. ‘ఆన్‌సైడ్, గోల్ ఇవ్వండి’ అని మూడు ముక్కలు అని ఉంటే సరిపోయేది.

“మరి నీ పరిష్కారం ఏంటి, వీఏఆర్ తీసేయాలా?” అని మా రూమ్మేట్ అడిగాడు. అలా అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. 2024లో వుల్వ్స్ క్లబ్ తీసేద్దామని ప్రతిపాదిస్తే 19-1తో వీగిపోయింది. స్వీడన్ క్లబ్బులు మాత్రం మాకసలు వద్దన్నాయి. నార్వేలో ప్రేక్షకులు మైదానంలోకి చేపల కేకులు విసిరి మ్యాచ్ ఆపించేశారు, అయినా 2025లో ఫెడరేషన్ ఉంచుదామనే ఓటేసింది.

నేను తీసేయమనను. నాకు కావాల్సింది మనందరికీ క్రికెట్‌లో తెలిసిందే. ఎల్బీడబ్ల్యూ డీఆర్‌ఎస్‌లో బంతి వికెట్‌ని సగం కంటే తక్కువ తాకేలా ఉంటే ‘అంపైర్స్ కాల్’. మెషీన్ తన హద్దు తానే చెప్పుకుని నిర్ణయాన్ని మనిషికి వదిలేస్తుంది. దాన్ని తిట్టుకుంటాం కానీ, నా దృష్టిలో క్రీడల్లో అంతకంటే నిజాయితీగల సాఫ్ట్‌వేర్ లేదు. దీనికి ఒక అభ్యంతరం ఉంది: ఎల్బీడబ్ల్యూలో బంతి ఎటు పోయేదో ఊహిస్తారు, ఆఫ్‌సైడ్‌లో జరిగినదాన్నే కొలుస్తారు, రనౌట్ లాగా. రనౌట్‌కి అంపైర్స్ కాల్ లేదు కదా? నిజమే. కానీ రెండు ఫ్రేముల మధ్య ఏం జరిగిందో చెప్పడం కూడా ఊహే, చిన్న ఊహ, అంతే. అందుకే ప్రతి కేసులోనూ కదలిక వేగాన్ని బట్టి అనిశ్చితి లెక్కకట్టి, తేడా దానికంటే తక్కువైతే మైదానంలో ఇచ్చిన నిర్ణయమే ఉంచాలి. వేగాలు ఎలాగూ సిస్టమ్ దగ్గరున్నాయి, ఒక గుణకారం అదనం.

ఆర్సెన్ వెంగర్ చెప్పే దారి వేరు. దాడి చేసేవాడి ఒంట్లో ఏ ఒక్క భాగమైనా డిఫెండర్‌తో సమానంగా ఉంటే చాలు, ఆన్‌సైడ్ అంటాడు. ఆఫ్‌సైడ్ కావాలంటే ఇద్దరి మధ్య వెలుతురు కనపడాలి. గోల్స్ పెరుగుతాయి, 1925లో లాగా, అది నాకిష్టమే. కానీ సెంటీమీటర్ గొడవ దీనితో పోదు. థ్రెషోల్డ్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపితే అంచు కేసులు కూడా దానితోపాటే జరుగుతాయి. ఇప్పుడు బొటనవేలు ముందుందా అని చూస్తున్నాం, అప్పుడు మడమ వెనకుందా అని చూస్తాం.

ఇంకో సంగతి ఉంది, నాకు గోల్స్ కంటే ఇదే పెద్దది. వీఏఆర్ వచ్చాక అసిస్టెంట్లు వెంటనే జెండా ఎత్తడం మానేశారు. ఆపేస్తే ఒకవేళ ఆన్‌సైడ్ అయితే గోల్ తిరిగి ఇవ్వలేరు కాబట్టి, దాడి పూర్తయ్యేదాకా ఆగమని వాళ్ళకి చెప్పారు. 2025 మే 11న నాటింగమ్ ఫారెస్ట్, లెస్టర్ మ్యాచ్ చివర్లో ఆంథొనీ ఎలాంగా ఆఫ్‌సైడ్‌లో ఉండగా జెండా లేవలేదు, ఆట సాగింది. అతనిచ్చిన బంతి కోసం దూకిన టైవో అవోనియి గోల్ పోస్ట్‌ని గుద్దుకున్నాడు. కడుపులో తీవ్రమైన గాయం, అత్యవసర ఆపరేషన్, కొన్ని రోజులు కావాలనే కోమాలో ఉంచారు. గోల్ పడినా చెల్లని ఆట అది. ఆ ఏడాది వేసవిలో అమెరికాలో జరిగిన క్లబ్ వరల్డ్‌కప్‌లో ఫిఫా ఒక మార్పు తెచ్చింది. ఆఫ్‌సైడ్‌లో ఉన్నవాడు బంతిని తాకగానే సిస్టమ్ నేరుగా మైదానంలోని అధికారుల చెవిలో అలర్ట్ ఇస్తుంది, జెండా వెంటనే లేస్తుంది. ఆ కెమెరాలకీ ఆ సెన్సర్‌కీ ఇది తగిన పని. మీటరు తేడా ఉన్న ఆఫ్‌సైడ్ వాళ్ళ చెవిలో ఒక్క సెకనులో మోగాలి. 1.6 సెంటీమీటర్లది మోగకపోయినా ఎవరి ఒంటికీ దెబ్బ తగలదు.